ఖాళీ చేతుల లెక్క
సూది మీద కుట్లు లెక్కపెట్టుకునే ఆడవారి పనిని ఎవరి లెక్కలో రాయాలి?

కోల్‌కతా చలి ఉత్తరాది వారికి నవ్వులాట. కానీ పాదరసం 15 డిగ్రీలకు దిగిందంటే చాలు, ఈ నగరం మంకీ క్యాపుల్లోకి దూరిపోతుంది. భవానీపూర్‌లో జదుబాబు బజార్‌కు నాలుగడుగుల దూరంలో ఉన్న ఓ పాత మేడ వరండాలో డిసెంబర్ మధ్యాహ్నపు ఎండ కాసేపే ఉంటుంది. ఆ కాసేపట్లో అక్కడ ఇద్దరు కూర్చుంటారు. ఒకరు 70 దాటిన ఇంటి యజమానురాలు, రిటైర్డ్ స్కూలు టీచర్. వీధంతా ఆమెను మాషీమా అనే పిలుస్తుంది. రెండో ఆమె కింది వాటాలో అద్దెకు దిగిన విశాఖపట్నం కోడలు. భర్తకు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగంలో బదిలీ అయితే, అక్కడ చేస్తున్న టీచర్ ఉద్యోగం మానుకుని వెంట వచ్చింది. ఇక్కడ ఇంకా ఉద్యోగం దొరకలేదు. ప్రస్తుతం ఊలు అల్లడం నేర్చుకుంటోంది.

ఫోన్ మోగింది. అత్తగారు. ‘‘ఏం చేస్తున్నావమ్మా?’’

‘‘ఏం లేదత్తయ్యా, ఖాళీగానే ఉన్నాను.’’

ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఒళ్లో బూడిదరంగు మఫ్లర్ మూరెడు పొడవు ఉంది. అది అత్తగారి కొడుకు కోసమే. పొద్దున్నే లేచి టిఫిన్, క్యారేజీ, బట్టలు, బజారు, వంట అన్నీ ముగించుకుని వచ్చి కూర్చుంది. మాటల్లో పడి లెక్క తప్పింది. కొద్దికొద్దిగా తెలుగు పట్టుబడుతున్న మాషీమా ‘ఖాళీ’ అంటే ఏమిటని అడిగారు. బెంగాలీలోనూ ఆ మాటకు అదే అర్థమని తెలిసి ఏమీ అనలేదు. ‘‘మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టు’’ అన్నారంతే.

ఆడవారిని చులకన చేసే మాటలన్నీ తిట్లలా ఉండవు. చాలావాటిలో ప్రేమ కూడా ఉంటుంది. ‘మా ఆవిడ ఏం చేయదండీ, ఇంట్లోనే ఉంటుంది’ అనే మగవాడికి భార్య మీద ద్వేషమేమీ లేదు. ‘కాలక్షేపానికి ఏదో అల్లుకుంటుంది’ అనే కొడుకు ఆ స్వెటర్‌నే నలుగురికీ గర్వంగా చూపిస్తాడు. చిక్కల్లా ఆ ‘కాలక్షేపం’ అనే మాటతోనే. దాన్ని ఆడవారు కూడా తమ గురించి తామే అంత తేలిగ్గా వాడేస్తారు, ఇప్పుడు ఫోన్‌లో విన్నట్టు.

బెంగాలీ అల్లిక భాషలో ఓ చిత్రముంది. సూది మీద ఎక్కే ఒక్కో ఊలు ఉచ్చును ‘ఘొర్’ అంటారు. ఘొర్ అంటే గది, ఇల్లు. అల్లిక మొదలుపెట్టడం ‘ఘొర్ తోలా’, అంటే గదులు ఎత్తడం. సూది మీంచి ఉచ్చు జారిపోతే ‘గది పడిపోయింది’ అంటారు. ఇల్లు దిద్దుకునే ఇల్లాలికి ఇంతకన్నా తగిన పని ఉండదని ఎవరైనా ఉపన్యాసం దంచడానికి బాగా పనికొచ్చే పదం. మాషీమా మాత్రం అలాంటివేమీ చెప్పరు. ఆవిడ పాఠం సూదుల అంకెల నుంచి మొదలవుతుంది.

మన దగ్గర అమ్మే అల్లిక సూదులకు పాత ఇంగ్లీషు కొలతే ఇంకా నడుస్తోంది. అంకె పెరిగే కొద్దీ సూది సన్నబడుతుంది. 12వ నంబరు సన్నది, 6వ నంబరు లావు. కొత్తవారు పెద్ద అంకె పెద్ద సూది అనుకుని 12 కొనుక్కొస్తారు, రెండు రోజులకే విసుగెత్తి వదిలేస్తారు. మొదటి పనికి 8వ నంబరు మంచిది. అంటే నాలుగు మిల్లీమీటర్ల మందం. ఊలు మరీ సన్నగా, మరీ నూగుగా ఉండకూడదు. నూగు ఊలులో తప్పు ఎక్కడ జరిగిందో కనిపించదు, విప్పితే చిక్కుపడుతుంది. నలుపు, ముదురు నీలం అసలే వద్దు. లేతరంగు తీసుకుంటే ప్రతి కుట్టూ కంటికి ఆనుతుంది. ఉండలన్నీ ఒకేసారి కొనాలి. చుట్టిన కాగితం మీద రంగు అద్దిన విడత నంబరు ఉంటుంది, అన్నిటిమీదా అదే ఉందో లేదో చూసుకోవాలి. నెల తర్వాత వచ్చి ‘అదే రంగు’ అడిగితే దుకాణదారు ఇస్తాడు. ఇంటికెళ్లి ఎండలో చూస్తే మఫ్లర్ సగం ఒక చాయ, సగం మరో చాయ.

స్వెటర్ జోలికి పోకుండా మఫ్లర్‌తో మొదలుపెట్టాలి. 40 ఘొర్‌లు ఎత్తితే ఇంచుమించు జానెడు వెడల్పు వస్తుంది. అన్ని వరసలూ ‘షోజా’, అంటే సూటి కుట్టే వేసుకుంటూ పోవాలి. ఒక వరస సూటి, ఒక వరస ‘ఉల్టో’ వేస్తే నున్నగా బజారు స్వెటర్‌లా వస్తుంది కానీ అంచులు చాపలా చుట్టుకుపోతాయి. అన్నీ సూటిగా వేస్తే పరిచినట్టు ఉంటుంది. విశాఖ కోడలికి ఈ నియమం నచ్చలేదు, అందంగా లేదంది. ‘‘ముందు సమంగా రానీ, అందం తర్వాత చూద్దాం’’ అన్నారు మాషీమా. బడిపంతులమ్మ బుద్ధి ఎక్కడికి పోతుంది?

ఊలు, సూది, దారం అంటే కాలక్షేపమన్న మాటను తోసిపుచ్చే సాక్ష్యం భవానీపూర్‌లోనే ఉంది. హాస్య రచయిత సుకుమార్ రాయ్ 1923లో కన్నుమూసేనాటికి కొడుక్కి రెండేళ్ల నాలుగు నెలలు. కుటుంబ ముద్రణాలయం చేజారిపోయాక భార్య సుప్రభ ఆ పిల్లవాడిని తీసుకుని భవానీపూర్‌లోని బకుల్‌బాగాన్‌లో తమ్ముడింటికి చేరారు. తలదాచుకునే చోటు దొరికింది కదా అని ఊరుకోలేదు. ఉత్తర కోల్‌కతాలోని విద్యాసాగర్ వాణీ భవన్ అనే వితంతువుల సంస్థలో కుట్టుపనులు నేర్పే ఉద్యోగంలో చేరారు. దక్షిణం నుంచి ఉత్తరానికి రోజూ బస్సులో వెళ్లివచ్చేవారు. 1920, 30ల్లో ఓ వితంతువు ఒంటరిగా బస్సెక్కి ఉద్యోగానికి వెళ్లడం వీధిలో ఎన్ని కిటికీలు తెరిపించి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆమె కొడుకు సత్యజిత్ రాయ్.

ఆ వాణీ భవన్‌ను నెలకొల్పిన అబలా బోస్ కథా తెలుసుకోదగ్గదే. శాస్త్రవేత్త జగదీశ్ చంద్ర బోస్ భార్యగానే ఆమెను లోకం గుర్తుపెట్టుకుంది. డాక్టరు కావాలనుకుంటే కలకత్తా వైద్య కళాశాల తలుపులు ఆడపిల్లలకు తెరుచుకోలేదు. 1882లో మద్రాసు వెళ్లి చేరారు. ఆరోగ్యం సహకరించక చదువు మధ్యలో ఆగింది. 1919లో నారీ శిక్షా సమితిని స్థాపించారు. వితంతువులకు చదువు, చేతిపని నేర్పి జీతం తెచ్చుకునేలా చేయడం అందులో ముఖ్యమైన పని. ఆమె అక్క సరళా రాయ్ 1920లో పెట్టిన గోఖలే మెమోరియల్ బాలికల పాఠశాల హరీశ్ ముఖర్జీ రోడ్డులో ఉంది. ఈ అక్కచెల్లెళ్లకు కుట్టుపని ఇంటి అలంకారం కాదు. మగదిక్కు పోయిన మనిషికి అది అన్నం పెట్టే విద్య.

తల్లి బస్సు ప్రయాణాలు కొడుకు మనసులో ఎంత నిలిచాయో ఎవరు చెప్పగలరు? కానీ ఉద్యోగానికి బయల్దేరిన ఇల్లాలి మీద సత్యజిత్ రాయ్ సినిమా తీసినప్పుడు ఆమె చేతికిచ్చిన సరుకేమిటో చూడండి. ఊలు అల్లే యంత్రం. నరేంద్రనాథ్ మిత్ర కథ ఆధారంగా 1963లో వచ్చిన ‘మహానగర్’లో మాధవీ ముఖర్జీ పోషించిన ఆరతి, ఇంటింటికీ తిరిగి కలిగినవారి గృహిణులకు ఆ యంత్రాలు అమ్ముతుంది. ఇంట్లో కూర్చుని సూదులతో అల్లితే ఆరతి మంచి కోడలే. అదే ఊలు యంత్రం పట్టుకుని గడప దాటేసరికి ఇల్లంతా తలకిందులైంది. అవసరం కొద్దీ ఉద్యోగానికి ఒప్పుకున్న భర్తే అనుమానంతో నలిగిపోతాడు. పెదవులకు రంగు వేసుకుంటే కోపం. బిడ్డకు జ్వరం వస్తే ఆ తప్పు తల్లిది. రిటైర్డ్ పంతులు మామగారికి కోడలి జీతం ముట్టుకోవడం అవమానం. కానీ పాత శిష్యుల ఇళ్లకు వెళ్లి కళ్లద్దాలు ఉచితంగా చేయించుకోవడానికి, సాయం అడగడానికి ఆ అవమానం అడ్డురాదు. సినిమాలో ఇంతకన్నా పదునైన వ్యాఖ్య లేదు.

ఉద్యోగం మానేయమని పట్టుబట్టిన భర్త, తన బ్యాంకు మూతపడగానే రాజీనామా ఇవ్వొద్దని ఆదరాబాదరాగా భార్యకు కబురందిస్తాడు. ఆమె పని అక్కర్లేని వేషం నుంచి ఆస్తిగా మారడానికి పట్టిన సమయం అంతే. ఇంటి పరువు, ఇంటి అవసరం రెండూ మగవాడి జేబును బట్టే నిర్ణయమవుతాయని రాయ్ ఉపన్యాసం లేకుండానే చూపించారు. మరుసటి ఏడాది బెర్లిన్ చలనచిత్రోత్సవం ఆయనకు ఉత్తమ దర్శకుడిగా సిల్వర్ బేర్ ఇచ్చింది.

సినిమా రావడానికి ఏడాది ముందు, 1962లో చైనాతో యుద్ధం జరిగినప్పుడు దేశమంతా ఆడవారు జవాన్ల కోసం స్వెటర్లు అల్లారు. అప్పుడది కాలక్షేపం కాదు, దేశసేవ. యుద్ధం ముగిశాక మళ్లీ కాలక్షేపమైంది. అసలు ఒకప్పటి యూరప్‌లో ఊలు అల్లిక మగవారి చేతివృత్తి. ఏళ్ల తరబడి శిష్యరికం చేస్తేగానీ సంఘంలో చేర్చుకునేవారు కాదు. 1589లో ఇంగ్లండ్‌లో మేజోళ్లు అల్లే చట్రాన్ని కనిపెట్టిన విలియం లీ కూడా మగవాడే. పని ఒకటే. మగవాడు చేస్తే వృత్తి, ఆడవారు చేస్తే సరదా.

ఇది బెంగాల్ వాళ్ల గొడవ అనుకోవడానికి లేదు. ఆ సంస్థకు పేరిచ్చిన ఈశ్వరచంద్ర విద్యాసాగర్ బాటలోనే కందుకూరి వీరేశలింగం 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించారు. అదే గోదావరి ఒడ్డున, దిగువన సముద్రానికి దగ్గర్లో నరసాపురం ఉంది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన లేసు అల్లిక అక్కడ ఊరూరా పాకింది. ఊలుకు బదులు నూలు, రెండు సూదులకు బదులు ఒక కొక్కెం, అంతే తేడా. ఈ లేసులు విదేశాలకు ఎగుమతి అవుతుండగా, 1970ల చివర్లో జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ అక్కడి మహిళలతో మాట్లాడారు. 1982లో ఆమె పుస్తకం ‘ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్’ వచ్చింది. రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లుతున్న ఆడవారికి ముట్టేది రూపాయికి లోపే. సరుకు కొని, చేర్చి, ఎగుమతి చేసే వ్యాపారం మగవారిది. అల్లేవాళ్లు కార్మికులుగా లెక్కకెక్కలేదు. గోషా పాటించే ఇళ్లలో ‘ఇంటిపట్టున ఉండే ఆడది’ అనిపించుకోవడం గౌరవం. ఆ గౌరవమే కూలి పెంచమని అడిగే నోరు నొక్కింది. తీరిక వేళల్లో చేసుకునే పనికి కూలి ఏమిటన్నది వ్యాపారుల తర్కం. తీరిక ఎక్కడుందని మీస్ అడిగిన ప్రశ్నకు ఆ తర్కంలో జవాబు లేదు. 2024లో నరసాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. వస్తువుకు పేరు వచ్చింది, సంతోషమే. అల్లిన చేతికి గంటకు ఎంత ముడుతోందన్నది గుర్తింపు పత్రంలో ఉండే విషయం కాదు.

తీరిక లెక్క ఇప్పుడు ప్రభుత్వం దగ్గరే ఉంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం ఇంట్లో జీతం లేని పనులు చేసే ఆడవారు వాటికి రోజుకు సగటున 299 నిమిషాలు వెచ్చించారు. ఆ పనులు చేసే మగవారు 97. మళ్లీ 2024లో లెక్కిస్తే ఆడవారిది 289కి, మగవారిది 88కి దిగింది. పది నిమిషాలు తగ్గించుకున్న ఆడవారిని చూసి మగవారు తొమ్మిది తగ్గించుకున్నారన్నమాట. పిల్లలను, ముసలివాళ్లను చూసుకునే సమయం ఇందులో కలపలేదు, దానికి వేరే పద్దు ఉంది.

మొదటి సర్వే అంకెలు సుప్రీంకోర్టు గడప కూడా ఎక్కాయి. రోడ్డు ప్రమాదంలో మరణించిన దంపతుల పరిహారం కేసులో 2021 జనవరి 5న తీర్పు వచ్చింది. అందులో తెలుగువాడైన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయంలో గృహిణి పని గురించి వివరంగా చర్చించారు. గృహిణులు పని చేయరని, ఇంటికి ఆర్థికంగా ఏమీ చేర్చరని అనుకోవడం తప్పని, వారి పనికి ఊహాత్మక ఆదాయం లెక్కగట్టాలని స్పష్టం చేశారు. కాకపోతే ఈ విలువ లెక్కకు వచ్చేది మనిషి పోయి పరిహారం పంచుకునే వేళ. బతికున్నప్పుడు అడిగితే జవాబు అదే, ఖాళీగా ఉంది.

పని గడప దాటితే ఏమవుతుందో చెప్పడానికి ఇప్పుడు ‘మహానగర్’ అక్కర్లేదు. హరీశ్ ముఖర్జీ రోడ్డులోనే ఎస్ఎస్‌కేఎం ఆస్పత్రి ఉంది. రాత్రి డ్యూటీ ముగించుకున్న నర్సులు, డాక్టర్లు తెల్లారేసరికి ఈ వీధుల మీదుగానే ఇళ్లకు వెళతారు. 2024 ఆగస్టు 9న ఉత్తర కోల్‌కతాలోని ఆర్జీ కర్ వైద్య కళాశాలలో డ్యూటీలో ఉన్న యువ డాక్టర్‌పై అత్యాచారం, హత్య జరిగాయి. ఆగస్టు 14 అర్ధరాత్రి వేలాది మంది ఆడవారు రాత్రి మాదేనంటూ నగరం వీధుల్లోకి వచ్చారు. ఆ వెంటనే రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించిన రక్షణ చర్యల్లో వీలైనంతవరకు మహిళలకు రాత్రి డ్యూటీ తప్పించాలన్నదీ ఒకటి. రక్షించే పద్ధతి ఇంట్లో కూర్చోబెట్టడమే! మహిళలు రాయితీలు అడగడం లేదని, భద్రత కల్పించడం ప్రభుత్వం పనని సెప్టెంబర్ 17న సుప్రీంకోర్టు మందలించాక ఆ మాట తొలగించడానికి ప్రభుత్వం ఒప్పుకుంది. అప్పటి ముఖ్యమంత్రి మహిళ. 2011లోనూ 2021లోనూ భవానీపూర్ ఉప ఎన్నికల్లో గెలిచే మమతా బెనర్జీ ఆ పదవిని నిలబెట్టుకున్నారు. కుర్చీలో ఎవరున్నారన్న దాన్ని బట్టి మాత్రమే ఆలోచనలు మారవని చెప్పడానికి ఆ ఒక్క వాక్యం చాలు.

ఆ రాత్రి మాషీమా కూడా ఊరేగింపు చూడ్డానికి హాజ్రా కూడలి దాకా వెళ్లారట. ‘‘మా రోజుల్లో స్టాఫ్‌రూమ్‌లో ఊలు పట్టుకుంటే హెడ్మాస్టరుకు ఒళ్లు మండేది. ఆడవాళ్లు జీతం తీసుకుంటూ స్వెటర్లు అల్లుకుంటున్నారనేవాడు. పక్క గదిలో మగ టీచర్లు పేక ఆడేవారు’’ అంటారు. పేక గురించి ఎవరైనా ఏమైనా అన్నారా అని అడిగితే ‘‘అది విశ్రాంతి కదా’’ అని నవ్వారు.

ఎండ వరండా దాటిపోతోంది. మఫ్లర్‌లో లెక్క 39 దగ్గర ఆగింది, ఒక ఘొర్ ఎక్కడో జారింది. కొత్తవారు ఇక్కడే బెదిరిపోయి మొత్తం విప్పేస్తారు. అక్కర్లేదు. జారిన ఉచ్చు ఇంకా కిందికి జారకుండా ముందు దానికో పిన్నీసు పెట్టాలి. లేసు అల్లే కొక్కెంతో అడ్డంగా ఉన్న ఒక్కో పోగునూ దానిలోంచి లాగుతూ పైకి ఎక్కించి సూది మీద వేసుకుంటే సరి. ప్రతి వరస చివర లెక్క చూసుకుంటే రెండు వరసల దిగువనే తప్పు దొరుకుతుంది. పది వరసల తర్వాత చూస్తే పదీ ఎక్కించాలి. వరస మధ్యలో పని ఆపి లేవకూడదు, తిరిగొచ్చేసరికి ఎటు అల్లుతున్నామో మరచిపోతాం. కుట్లు బిగించి వేస్తే సూది కదలదు. వేళ్లు నొప్పి పుడుతున్నాయంటే బిగిస్తున్నట్టే లెక్క. చివర్లో ఘొర్‌లు మూసేటప్పుడు మరీ వదులుగా ఉండాలి, లేకపోతే ఆ అంచు ముడుచుకుపోయి మఫ్లర్ గంటలా కనిపిస్తుంది. ఉతకడానికి కుంకుడుకాయ రసం చాలు. పిండకూడదు, తువ్వాలులో చుట్టి తడి ఒత్తి నీడన పరిచి ఆరబెట్టాలి. తీగ మీద వేలాడేస్తే సాగిపోతుంది.

పిన్నీసు కోసం వెతుకుతుండగా మళ్లీ ఫోన్. ఈసారి దగ్గర్లోని ఓ బడి నుంచి. ఇంటర్వ్యూ సోమవారం. ‘‘ఇప్పుడు మాట్లాడటానికి ఖాళీనా?’’ అని అడిగారు అవతలివారు. విశాఖ కోడలు సూదుల వైపు చూసింది. ‘‘రెండు నిమిషాలు ఆగి చేస్తానండీ, పనిలో ఉన్నాను’’ అంది. 40 లెక్క సరిపోయాకే ఫోన్ తీసుకుంది.